ఐస్‌లాండ్‌లో ఊరి ఈతకొలనుకు వెళ్లడం ఎలా?

ఐస్‌లాండ్ అనగానే అందరూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. అంత చలిలో ఎలా బతుకుతారు? చలికాలమంతా చీకటేనా? వాళ్లకి ఇంటిపేర్లు ఉండవట కదా, మరి ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారు? పని అయ్యాక జనం ఎక్కడ కలుసుకుంటారు? ఈ ప్రశ్నలన్నీ పట్టుకుని అక్కడి ఊరి ఈతకొలనుకు వెళ్లమంటాను నేను. జనాభా సుమారు 4 లక్షలున్న ఆ దేశంలో 120కి పైగా ప్రజా ఈతకొలనులు ఉన్నాయి. మన పల్లెల్లో రచ్చబండ ఎలాగో వాళ్లకి కొలను అలాగ. చేపల ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి, లాయరు, పెన్షన్ తీసుకునే పెద్దాయన ఒకే తొట్టిలో మెడదాకా మునిగి కబుర్లు చెప్పుకుంటారు.

కొత్తవాళ్లు తడబడేది ఒక్క చోటే, నీళ్లలో దిగేముందు చేసే స్నానం దగ్గర. అందుకే ఆ మెట్టు గురించి కాస్త ఎక్కువే చెప్తాను.

మొదట: ఏ కొలనుకు వెళ్లాలో తేల్చుకోండి

అందరూ ఫోటోల్లో చూసే పాలనీలం నీళ్ల చోటు బ్లూ లగూన్. స్వార్త్‌సెంగి విద్యుత్ కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లతో ఏర్పడింది. ముందుగా బుక్ చేసుకోవాలి, ఖరీదు కూడా ఎక్కువే. చూడదగ్గదే, కాదనను. కానీ అక్కడ మీ పక్కన కూర్చునేది మీలాంటి టూరిస్టే. ఊరి జనం కావాలంటే ఊరి కొలనుకే వెళ్లాలి.

రాజధాని రేక్యవిక్‌లో అయితే సుంద్‌హోత్లిన్‌తో మొదలుపెట్టండి. 1937లో తెరిచిన పాత భవనం అది. ఊరి మధ్య కొండమీద కనిపించే హాత్ల్‌గ్రిమ్స్ చర్చికి ప్లాను గీసిన గుధ్యోన్ సాముయెల్సన్ దీనికీ గీశాడు. పిల్లలతో వెళ్తే లోయిగర్‌దాలుర్ కొలను మేలు. అక్కడ 50 మీటర్ల ఆరుబయటి కొలను ఉంది, జారుడుబండ కూడా ఉంది. ఉత్తరాదికి వెళ్తే హోఫ్సోస్ అనే చిన్న ఊరు వదలకండి. ఇద్దరు స్త్రీలు ఊరికి కానుకగా కట్టించిన కొలను 2010లో తెరిచారు. ఈదుతుంటే ఎదురుగా సముద్రం, మీ నీళ్లూ దాని నీళ్లూ ఒకటే అన్నట్టు కనిపిస్తుంది.

బ్యాగులో ఏం పెట్టుకోవాలి

ఈత బట్టలు, తువాలు. రెండూ కౌంటర్లో అద్దెకి కూడా దొరుకుతాయి. మామూలు కాటన్ బట్టలతో, లోదుస్తులతో నీళ్లలో దిగనివ్వరు. ఒళ్లంతా కప్పుకునే ఈత దుస్తులైతే ఇబ్బంది లేదు, గుడ్డ మాత్రం ఈత కోసం చేసినదై ఉండాలి. జుట్టు పొడుగ్గా ఉంటే కట్టుకోవడానికి రబ్బర్ బ్యాండ్ తీసుకెళ్లండి.

చెప్పులు బయటే విప్పండి

బట్టలు మార్చుకునే గదికి ముందే ఒక అలమర ఉంటుంది. చెప్పులు, బూట్లు అక్కడే వదలాలి. మనకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. లోపల ఆడవాళ్లకి, మగవాళ్లకి వేరువేరు గదులు. బట్టలు లాకర్లో పెట్టేయండి. ఫోను కూడా లాకర్లోనే పెట్టాలి, ఆ గదిలో ఫోటో తీయడం పెద్ద తప్పు. తువాలు, ఈత బట్టలు చేత్తో పట్టుకుని స్నానాల గది వైపు నడవండి. తువాలు పెట్టుకోవడానికి అక్కడ అరలు ఉంటాయి.

స్నానం: అసలు మెట్టు

నీళ్లలో దిగేముందు ఒంటిమీద నూలుపోగు లేకుండా సబ్బుతో స్నానం చేయాలి. ఈత బట్టలు వేసుకుని పైపైన నీళ్లు చల్లుకుంటే కుదరదు. గోడమీద మనిషి బొమ్మ ఒకటి ఉంటుంది. తల, చంకలు, గజ్జలు, పాదాలు రంగుతో గుర్తుపెట్టి ఉంటాయి. ఆ చోట్లన్నీ సబ్బుతో కడగమని అర్థం. సబ్బు గోడకే ఉంటుంది. చూసుకోవడానికి ఒక ఉద్యోగి కూడా ఉంటారు. మీరు కడుక్కోకుండా వెళ్లిపోతుంటే పిలిచి వెనక్కి పంపిస్తారు.

నదిలో కూడా బట్టలతోనే మునిగే అలవాటు మనది. ఇంట్లో స్నానాల గది తలుపు గడియ పెట్టకుండా నీళ్లు పోసుకోం. అలాంటిది పదిమంది ముందు బట్టలు విప్పమంటే టెన్షన్ రావడం సహజం. ఆ సిగ్గుని నేను తక్కువ చేయను. కానీ వాళ్ల లెక్క వినండి. ఆ కొలనుల్లో క్లోరిన్ బాగా తక్కువ వేస్తారు. నీళ్లు శుభ్రంగా ఉండాలంటే దిగే ప్రతి మనిషీ శుభ్రంగా దిగాలి. మీరు చేసే స్నానం పక్కవాళ్లకి ఇచ్చే మర్యాద. ఎంగిలి చేయి వడ్డించే గిన్నెలో పెడితే మనకి ఎలా ఉంటుందో, కడుక్కోకుండా కొలనులో దిగితే వాళ్లకి అలా ఉంటుంది.

ఇంకొక మాట. అక్కడ ఎవరూ ఎవర్నీ చూడరు. అమ్మమ్మలు, కాలేజీ పిల్లలు, చంటిపిల్లకి తల రుద్దే తల్లి, అందరూ ఎవరి పనిలో వాళ్లుంటారు. చిన్నప్పటినుంచి రకరకాల ఒళ్లు చూస్తూ పెరిగినవాళ్లకి అది కొత్త సంగతి కాదు. అయినా మనసు ఒప్పకపోతే కౌంటర్లో అడగండి. చాలా కొలనుల్లో విడిగా తలుపున్న గది ఉంటుంది. అడగడానికి మొహమాటపడకండి, కడుక్కోకుండా మాత్రం దిగకండి.

షవర్ తిప్పగానే కుళ్లిన గుడ్డు వాసన లాంటిది రావచ్చు. అది గంధకం వాసన. వేడినీళ్లు భూమిలోంచి వస్తున్నాయని గుర్తు. రెండు నిమిషాల్లో అలవాటవుతుంది.

ఇప్పుడు ఈత బట్టలు వేసుకుని బయటికి

చలికాలంలో తలుపు తెరిచిన క్షణం గాలి చెంపమీద కొట్టినట్టుంటుంది. కాళ్లకింద తడినేల, గట్టుమీద మంచు, ముందంతా ఆవిరి. పరుగెత్తకండి, జారుతుంది. గబగబా నడిచి నీళ్లలో దిగిపోండి.

పెద్ద కొలను 28, 29 డిగ్రీలుంటుంది. అది ఈదడానికి. జనం కూర్చునేది పక్కనుండే చిన్న తొట్లలో. వాటిని ‘హేతుర్ పొత్తుర్’ అంటారు, వేడి కుండ అని అర్థం. నిజంగా కాగులో దిగినట్టే ఉంటుంది. ఒక్కోటీ ఒక్కో వేడి, 38 నుంచి 44 డిగ్రీల దాకా. ఎంత వేడో అక్కడే రాసి ఉంటుంది. తక్కువ వేడిదాంతో మొదలుపెట్టండి. 44లో పది నిమిషాలు కూర్చుంటే తల తిరుగుతుంది. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికి పోవద్దు. పక్కనే చన్నీళ్ల తొట్టి కూడా ఉంటుంది. వేడిలోంచి లేచి అందులో మెడదాకా మునిగి మళ్లీ వేడిలోకి వచ్చేవాళ్లు కనిపిస్తారు. చూసి వెంటనే దూకేయకండి, ముందు పాదాలు పెట్టి చూడండి.

ఈ నీళ్ల కథ పాతది. రేక్యవిక్ అంటేనే పొగల అఖాతం అని అర్థం, వేడి ఊటల ఆవిరి చూసి పెట్టిన పేరు. ఊళ్లో అతిపెద్ద షాపింగ్ వీధి లోయిగావేగుర్ ఒకప్పటి చాకిరేవు దారి. ఆడవాళ్లు బట్టల మూటలు మోసుకుంటూ ఆ దారినే ఊటల దాకా నడిచేవాళ్లు. 1930లో అదే చోటునుంచి గొట్టాలు వేసి ఇళ్లకి వేడినీళ్లు తెచ్చారు. ఇవాళ దేశంలో పదింట తొమ్మిది ఇళ్లు భూమి వేడితోనే వెచ్చగా ఉంటున్నాయి. అంత చలిలో ఎలా బతుకుతారన్న ప్రశ్నకి జవాబు ఇదే. డిసెంబరులో పగలు నాలుగు గంటలే ఉన్నా, జనం చీకట్లో దీపాల కింద తొట్టిలో కూర్చుని మాట్లాడుకుంటారు.

ఈత వెనక ఒక దుఃఖం కూడా ఉంది. ఒకప్పుడు పడవలు బోల్తాపడి, ఒడ్డు కనిపిస్తూ ఉండగానే ఈత రాక చేపలవాళ్లు మునిగిపోయేవాళ్లు. 1940లో బడిపిల్లలందరికీ ఈత తప్పనిసరి చేశారు. ఇప్పటికీ ఈత నేర్చుకోకుండా ఎవరూ బడి దాటరు.

తొట్టిలో ఎలా మాట్లాడాలి

దిగేటప్పుడు ‘గోధన్ దాయిన్’ అనండి, నమస్కారం లాంటిది. కాసేపు ఊరికే కూర్చోండి. వాతావరణం గురించి అడిగితే ఎవరైనా మాట కలుపుతారు. పుస్తకాల గురించి అడిగినా సరే. క్రిస్మస్‌కి పుస్తకాలు కానుకగా ఇచ్చుకోవడం వాళ్లకి ప్రాణం.

పేరు చెప్తే మొదటి పేరే పిలవండి. గారు, సార్, మేడం ఏవీ లేవు. మనకి నాలుక తిరగదు, అయినా అదే వాళ్ల మర్యాద. తండ్రి పేరు యోన్ అయితే కొడుకు యోన్సన్, కూతురు యోన్స్‌దోత్తిర్. తల్లి పేరు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. అన్నాచెల్లెళ్లకే చివరి పేరు కలవదు కాబట్టి దాంతో ఎవర్నీ పిలవరు. ఫోన్ డైరెక్టరీ కూడా మొదటి పేర్ల వరసలోనే ఉండేది. 1980లో ఎన్నికల్లో గెలిచి ప్రపంచంలోనే తొలి మహిళా దేశాధ్యక్షురాలైన విగ్దిస్ ఫిన్‌బోగదోత్తిర్ కూడా వాళ్లకి విగ్దిసే.

గట్టిగా అరవడం, నీళ్లు చిమ్మడం, పదిమంది గుంపుగా ఒకే తొట్టి ఆక్రమించడం వద్దు.

బయటికి వచ్చేటప్పుడు

మళ్లీ స్నానం చేసి, ఒళ్లు బాగా తుడుచుకున్నాకే లాకర్ల గదిలో అడుగుపెట్టండి. అక్కడి నేల పొడిగా ఉంచడం కూడా నియమమే. గోడ దగ్గర చిన్న యంత్రం ఉంటుంది. తడి ఈత బట్టలు అందులో వేసి మూత నొక్కితే కొన్ని సెకన్లలో నీళ్లన్నీ పిండేస్తుంది. జుట్టు పూర్తిగా ఆరబెట్టుకోండి, తడితో వీధిలోకి వెళ్తే చలికి గడ్డకడుతుంది.

ఆకలి బాగా వేస్తుంది. ఈత అయ్యాక గొర్రెమాంసం కలిపి చేసే హాట్‌డాగ్ తినడం వాళ్ల అలవాటు. మాంసం తిననివాళ్లకి ఐస్‌క్రీమ్ ఉండనే ఉంది. బయట మంచు కురుస్తున్నా పిల్లలూ పెద్దలూ ఐస్‌క్రీమ్ షాపు ముందు వరసలో నిలబడతారు, మీరూ నిలబడండి.