ఓపెన్ సోర్స్ రిలీజ్: నంబరు ఎలా వేయాలి, ఓటు ఎలా పెట్టాలి?

హన్మకొండలో మేం ఐదుగురం కలిసి భూమి కొలతల లెక్కలు వేసే చిన్న ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూసి వాడుకోగల) టూల్ రాస్తున్నాం. కోడ్ రాయడంలో కన్నా రిలీజ్ చేయడంలోనే ఎక్కువ దెబ్బ తిన్నాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆ తిప్పలు తప్పాలని ఇది రాస్తున్నా.

ముందు నంబరు సంగతి. 1.9 తర్వాత 2.0 వస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ చుక్క దశాంశం కాదు. పహాణీలో 2.10 అని ఉంటే రెండెకరాల పది గుంటలని మనం ఎలా చదువుతామో, వెర్షన్‌నూ అలాగే చదవాలి. 1.9 తర్వాత వచ్చేది 1.10. కాకపోతే 40 గుంటలకు ఎకరం మారినట్టు ఇక్కడ హద్దేమీ లేదు. సెమాంటిక్ వెర్షనింగ్ అనే నంబర్ల పద్ధతిలో 1.4.0 లాగా మూడు సంఖ్యలుంటాయి. బగ్ సరిచేస్తే చివరిది పెంచండి. పాత వాడకం చెడకుండా కొత్త సౌకర్యం వస్తే మధ్యది, పాత వాడకమే పనిచేయకుండా పోతే మొదటిది పెంచాలి. ఒకటి పెరిగితే దాని కుడివైపువన్నీ సున్నాలే.

తర్వాత ఒకరు రిలీజ్ మేనేజర్‌గా బాధ్యత తీసుకోవాలి. కోడ్‌కు 1.4.0-ఆర్‌సీ1 (రిలీజ్ క్యాండిడేట్ 1, అంటే విడుదల చేయొచ్చా అని ఓటుకు పెట్టే మొదటి ప్రతి) అని ట్యాగ్, అంటే గుర్తు పేరు, వేసి, సోర్స్ ప్యాకేజీ కట్టి, డిజిటల్ సంతకం, ఎస్‌హెచ్‌ఏ-512 చెక్‌సమ్ (ఫైలు మారలేదని సరిచూసుకునే కోడ్) జతచేయాలి. ఆర్‌సీ అన్న ముక్క ట్యాగ్‌కూ ఫోల్డర్‌కూ మాత్రమే. ప్యాకేజీ పేరులో, లోపలి వెర్షన్‌లో 1.4.0 అనే ఉంచండి. అప్పుడే ఓటు నెగ్గిన ఫైలును ఒక్క అక్షరం ముట్టుకోకుండా విడుదల చేయగలరు.

ఇది మాకు 1.3.0 అప్పుడు తెలిసొచ్చింది. ముగ్గురు +1 (అనుకూల ఓటు; -1 అంటే వ్యతిరేక ఓటు) వేశాక ఒకరు తప్పు పట్టుకున్నారు: 2.20కి 1.20 కలిపితే 4.00 రావాలి, 3.40 అని చూపిస్తోంది. ఒక్క లైనే కదా అని సరిచేసి, అదే పేరుతో మళ్లీ ప్యాకేజీ కట్టా. కొందరి దగ్గర పాత 1.3.0, కొందరి దగ్గర కొత్తది. చెక్‌సమ్‌లు కలవక రెండు రోజులు కొట్టుకున్నాం. తప్పు దొరికితే ఆర్‌సీ2 కట్టి, ఓటు మొదటి నుంచి పెట్టాల్సిందే. బయటికి వెళ్లిపోయాక దొరికితే 1.3.1 వేయాలి. వాడిన నంబరును మళ్లీ వాడొద్దు.

ఓటుకు మేం ఎన్నో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నీడనిచ్చే అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పద్ధతే పాటిస్తాం. కనీసం 72 గంటలు గడువు ఇవ్వాలి. ప్రాజెక్టు కమిటీ సభ్యుల +1లు కనీసం మూడు పడాలి, అవి -1ల కన్నా ఎక్కువ ఉండాలి. మిగతావాళ్లూ ఓటు వేయొచ్చు, కానీ లెక్కలోకి రాదు. అయినా వేయమని అడగండి, తప్పులు ఎక్కువగా పట్టేది వాళ్లే. కోడ్ మార్పు మీద తగిన సాంకేతిక కారణంతో వేసిన -1 ఆ మార్పును ఆపేస్తుంది. రిలీజ్ మీద -1కి ఆ అధికారం లేదు. అయినా దాన్ని దాటుకొని పోవడానికి నాకు మనసొప్పదు, ఆగి చూస్తా.

+1 అంటే ‘బాగుంది’ అని కాదు. ప్యాకేజీ దింపుకొని, సంతకం, చెక్‌సమ్ సరిచూసి, లైసెన్స్, నోటీస్ ఫైళ్లు చదివి, సోర్స్ నుంచి సొంత మెషీన్‌లో బిల్డ్ చేశానని (నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేశానని) అర్థం. ఏమేం చూశారో ఓటుతోపాటే రాయమనండి. సద్దుల బతుకమ్మ, దసరా రోజుల్లో మాత్రం ఓటు పెట్టకండి, 72 గంటలు ఊరికే గడిచిపోతాయి.

గడువు ముగిశాక కమిటీ ఓట్లు, మిగతా ఓట్లు విడివిడిగా లెక్కగట్టి ప్రకటించండి. ఓటు పడిన ఫైలునే విడుదల ఫోల్డర్‌లోకి మార్చి, అదే కమిట్‌కు (ఆర్‌సీ ట్యాగ్ వేసిన కోడ్ దశకే) 1.4.0 అని ట్యాగ్ వేయండి. ఆ వెంటనే మెయిన్ బ్రాంచిలో, అంటే తర్వాతి పని సాగే ప్రధాన కోడ్‌లో, నంబరును 1.5.0కి పెంచేయండి.