మాటల మూలాలు - 4వ పాఠం: 'థింగ్' వెనక ఉన్న సభ

ఒకేలా వినిపించే మాటలన్నీ చుట్టాలు, అంటే ఒకే మూలం నుంచి పుట్టినవి, కావని పోయిన పాఠంలో చూశాం. మరి చుట్టరికం తేల్చడం ఎలా? ఈసారి అందరికీ తెలిసిన మాటే తీసుకుందాం. ఇంగ్లిష్‌లో, ఐస్‌లాండిక్‌లో 'థింగ్'. జర్మన్, డచ్‌లలో 'డింగ్'. స్వీడిష్, డేనిష్, నార్వేజియన్‌లలో 'టింగ్'.

ముందు ధ్వని చూడండి. అర్థం జోలికి అప్పుడే పోవద్దు. థ, డ, ట తేడా ఈ ఒక్క మాటలోనే ఉంటే దాన్ని నమ్మలేం. అందుకే ఇంకో రెండు మాటలు పక్కన పెట్టాలి. మూడు అనే అంకెకి ఇంగ్లిష్‌లో థ్రీ, జర్మన్‌లో డ్రై, స్వీడిష్‌లో ట్రే. ఆలోచించడానికి థింక్, డెంకెన్, టెంకా. వరస కలిసింది కాబట్టి ఇవి చుట్టాలే. ఈ భాషలన్నిటికీ తల్లి అయిన మూల జర్మానిక్‌లో ఉన్నది 'థ'. ఇంగ్లిష్, ఐస్‌లాండిక్ దాన్ని నిలుపుకున్నాయి, మిగతావి మార్చుకున్నాయి.

ఇక అర్థం. అసలు మజా ఇక్కడే. నార్వే పార్లమెంటు పేరు స్టోర్టింగ్, అంటే 'పెద్ద టింగ్'. పెద్ద వస్తువు అనుకుంటే నవ్వొస్తుంది. నార్వే, ఐస్‌లాండ్ లాంటి చోట్ల ఒకప్పుడు మాట్లాడిన పాత నార్స్‌లో థింగ్ అంటే జనం కూడి తగవులు తీర్చుకునే సభ. ఐస్‌లాండ్‌లో 930 ప్రాంతంలో మొదలైన ఆల్థింగ్ అలాంటిదే. ఏటా వేసవిలో థింగ్‌వెల్లిర్ మైదానంలో జరిగేది. అప్పటికి చట్టాలు రాసిపెట్టలేదు. వాటిని కంఠతా పట్టిన ఒక పెద్దమనిషి ఏడాదికి మూడో వంతు చొప్పున సభలో వల్లించేవాడు! డెన్మార్క్ పార్లమెంటు ఫోల్కెటింగ్‌లోనూ, స్వీడన్ జిల్లా కోర్టు టింగ్స్‌రెట్‌లోనూ ఉన్నది ఈ మాటే.

సభ ముందా, వస్తువు ముందా? పాత సాక్ష్యం వెతకాలి. 7వ శతాబ్దపు కెంట్ చట్టాల్లో, అంటే ఇంగ్లండ్‌లోనే, థింగ్ సభ అనే అర్థంలో కనిపిస్తుంది. డచ్‌లో 'ఖెడింగ్' అంటే ఇప్పటికీ కోర్టు దావా. కాబట్టి దారి ఇది: సభ, సభ ముందుకొచ్చిన తగవు, ఏదైనా విషయం, చివరికి ఏదైనా వస్తువు. లాటిన్‌లో దావా అనే అర్థం ఉన్న 'కౌసా' కూడా ఇటాలియన్‌లో 'కోజా' అయి, వస్తువు దగ్గరే ఆగింది. మన 'సంగతి' కూడా చూడండి. సంస్కృతంలో అది కలయిక, తెలుగులో విషయం.

ఒక జాగ్రత్త. స్కాట్లండ్‌లో డింగ్‌వాల్ అనే ఊరుంది. 'డ' కనిపించింది కదా అని జర్మనీ వైపు పరిగెత్తకండి. అది నార్స్ వాళ్లు పెట్టిన పేరు, థింగ్‌వెల్లిర్‌కి తోబుట్టువు. ఊరి పేర్లు స్థానికుల నోట్లో పడి వాటి దారిన అవి మారతాయి. అందుకే ధ్వని వరసకి వాటిని సాక్ష్యంగా పెట్టుకోకూడదు.

అభ్యాసం: జర్మన్ 'జాఖె' అంటే వస్తువు, విషయం. ఇంగ్లిష్ 'సేక్' అంటే ఒకరి కోసం అన్నప్పుడు వచ్చే మాట. ఇవి చుట్టాలేనా? ముందు మేక్-మాఖెన్, బుక్-బూఖ్ జతలతో 'క', 'ఖ' వరస సరిచూడండి. తర్వాత రెండింటి పాత అర్థం నిఘంటువులో వెతకండి. కోర్టు వాసన తగిలితే సరైన దారిలోనే ఉన్నట్టు.