చలి దేశానికి పిల్లలతో వెళ్తున్నవారికి: మూతి చుట్టూ వచ్చే ఆ ఎర్ర చార గురించి

ఈ సంక్రాంతికి రాజోలు దగ్గర మా ఊరు వచ్చాను. ఎదురింటి అమ్మాయి కూడా వాళ్ళ నాన్నకి కంటి ఆపరేషన్ అని ఆరేళ్ళ కొడుకుని తీసుకుని కెనడాలోని కాల్గరీ నుంచి వచ్చింది. వాళ్ళకి అక్కడ ఇదే మొదటి చలికాలం. పిల్లాడు కారు దిగగానే నా కళ్ళు వాడి మూతి మీదే ఆగిపోయాయి. పెదాల చుట్టూ, నాలుక ఎంతవరకు అందుతుందో అంతవరకు, ఎర్రగా కందిపోయి పొరలు లేచి ఉంది. మాట్లాడుతూనే నాలుక చాపి కింది పెదవి కింద ఒక చుట్టు చుట్టేవాడు.

పన్నెండు రోజుల్లో ముప్పాతిక వంతు తగ్గింది. "మా పసుపుకే తగ్గిందండి బాబూ, కొబ్బరి నూనెలో రంగరించి రోజూ రాశాను" అని వాళ్ళ అమ్మమ్మ సంబరపడింది. కనుమ మర్నాడు హాల్లో సూట్‌కేసు తెరిచి సర్దుతుంటే చూశాను. పసుపు డబ్బా, నూనె సీసా, వాటి పక్కన మందుల షాపులో అడిగి తెచ్చిన చర్మం ట్యూబులు మూడు. అక్కడే నాకు భయం వేసింది. ఏడేళ్ళ కిందట మేం అక్కడికి వెళ్తూ సర్దుకున్నదీ అచ్చం ఇలాగే.

సిన్ నంబరు (ఉద్యోగానికి, పన్నుకి కావాల్సిన అక్కడి ప్రభుత్వ నంబరు), బ్యాంకు అకౌంటు, హెల్త్ కార్డు, స్నో బూట్లు, వీటి గురించి మీకు అందరూ చెప్తారు. నేను ఈ ఒక్కటే చెప్తాను.

ముందు ఆ అబ్బాయికి ఎందుకు తగ్గిందో అర్థం చేసుకోండి. పసుపుకి కాదు, గాలికి. వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఊరు మాది. చుట్టూ కాలవలు, చెరువులు, కొంచెం దూరంలో సముద్రం. పుష్యమాసంలో తెల్లారేసరికి కొబ్బరాకుల చివర నుంచి మంచు బొట్లు బొట్లుగా కారుతుంది. ఈ తేమలో పెదాలకి తడుపుకోవాల్సిన అవసరమే రాదు. కాల్గరీలో జనవరిలో బయట సున్నాకి ఇరవై డిగ్రీల కింద ఉన్న రోజున ఆ గాలిలో నీటి ఆవిరి దాదాపు ఉండదు. ఆ గాలినే ఇంట్లోకి లాగి, ఇల్లు వెచ్చబరిచే ఫర్నేసు అనే యంత్రం 21 డిగ్రీలకి వేడి చేస్తుంది. వేడెక్కిన గాలికి దాహం ఎక్కువ. ఆరేసిన తువ్వాలు రాత్రికి రాత్రే పెళపెళలాడేలా ఎండిపోతుంది. పిల్లాడి పెదాలకీ అదే జరుగుతుంది. పెదాల మీద చర్మం పల్చన, మిగతా చర్మానికి ఉన్నట్టు నూనె గ్రంథులు ఉండవు, అందుకని అన్నిటికంటే ముందు ఎండేవి అవే.

ఎండితే మండుతుంది. మండితే పిల్లాడు నాలుకతో తడుపుకుంటాడు. ఒక్క క్షణం హాయిగా ఉంటుంది. ఉమ్మి ఆరిపోతూ చర్మంలో మిగిలిన తడిని కూడా పట్టుకుపోతుంది. పైగా తిన్న అన్నాన్ని అరిగించడానికి ఉమ్మిలో ఉండే ఎంజైములు, రోజుకి వంద సార్లు తగిలేసరికి పల్చని చర్మాన్నీ రేపుతాయి. ఇంకా మండుతుంది, ఇంకా నాకుతాడు. ఇది చెడ్డ అలవాటని వాడి మీద కేసు పెట్టకండి, వాడు మంట ఆర్పుకుంటున్నాడు.

ఈ ముక్క నాకు అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది. మేం నవంబరులో దిగాం, మా వాడికి అప్పుడు ఐదేళ్ళు. "నాకకు, నాకకు" అని రోజంతా అరిచేవాడిని. బస్సు ఎక్కించేటప్పుడు, అన్నం దగ్గర, చివరికి నిద్రలో కూడా. వాడు నా ముందు మానేసి మఫ్లరు మూతి మీదకి లాక్కుని లోపల నాకేవాడు. ఊపిరికి తడిసిన ఉన్ని రోజంతా రాసుకుని ఇంకా పుండైంది. ఒక రాత్రి, "నాన్నా, మండుతోంది, తడి చేస్తే తగ్గుతోంది, నేనేం చెయ్యను?" అన్నాడు. కొత్త బడి, ఒక్క ముక్క అర్థం కాని భాష, దాని మీద నా అరుపులు. ఆ రాత్రి నేను పడుకోలేదు.

ఇక ట్యూబు సంగతి. దీని గురించి ఎంత చెప్పినా నాకు తృప్తి ఉండదు. మన ఊళ్ళో "ఎర్రగా కందిందండి" అంటే చీటీ అడగకుండా ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. దానితోపాటు తామరకి పనిచేసే మందు, ఒక యాంటీబయాటిక్ కూడా కలిపేస్తారు. మేమూ అలాంటిదే తీసుకెళ్ళి రాశాం. మూడు రోజుల్లో మూతి అద్దంలా అయిపోయింది. ఎంత సంతోషించామో! ఆపిన వారానికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ రాశాం. ఇలా నెల గడిచేసరికి మూతి చుట్టూ చిన్న చిన్న గింజల్లాంటి పొక్కులు లేచాయి. డాక్టరమ్మ చూసి, ఇది నాకడం వల్ల వచ్చింది కాదు, మూతి దగ్గర స్టెరాయిడ్ ఎక్కువ రోజులు రాస్తే వచ్చే వేరే జబ్బు అని చెప్పింది. ట్యూబు ఆపాక అది తగ్గడానికి ముందు ఇంకా ఎర్రబడింది, మేం ఇంకా భయపడ్డాం. మొహం మీది చర్మం పల్చన, అందులో పసిపిల్లలది. డాక్టరు చూసి హైడ్రోకార్టిసోన్ అనే తేలికపాటి స్టెరాయిడ్ కొద్ది రోజులు రాయమంటే రాయండి, చెప్పిన రోజుకి ఆపేయండి. సూట్‌కేసులో ట్యూబు మాత్రం పెట్టుకోకండి. పెట్టుకుంటే రాస్తారు. అర్ధరాత్రి పిల్లాడు మంట అని ఏడుస్తుంటే మీ చెయ్యి ముందు దాని మీదకే వెళ్తుంది, నాది వెళ్ళింది.

రాయాల్సింది వాసన, రంగు, రుచి ఏమీ లేని తెల్ల పెట్రోలియం జెల్లీ. 1872లో పేటెంటు పుచ్చుకున్న ఆ పాత వాజిలినే. ఏ షాపులోనైనా చవగ్గా దొరుకుతుంది. అది చర్మానికి కొత్తగా ఏమీ పెట్టదు. లోపలి తడి బయటికి పోకుండా, బయటి ఉమ్మి లోపలికి తగలకుండా మధ్యలో గోడలా నిలబడుతుంది. ఆ గోడ వెనక చర్మం తనంతట తనే కట్టుకుంటుంది.

అందరూ తప్పు చేసేది ఇక్కడే, రోజుకి రెండుసార్లు, అదీ పెదాలకే రాస్తారు. పెదాలు, వాటి చుట్టూ ఎరుపు ఉన్న చోటంతా రాయాలి. లేవగానే, తినబోయే ముందు, తిన్నాక గోరువెచ్చని నీళ్ళతో తుడిచి మెత్తగా అద్దాక, బయటికి వెళ్ళబోయే ముందు, బడి నుంచి రాగానే. పడుకునేటప్పుడు మందంగా. నిద్రపోయాక ఇంకోసారి వెళ్ళి రాసి రండి, ఆ ఎనిమిది గంటలే అసలు వైద్యం. జాకెట్ జేబులో చిన్న డబ్బా పెట్టి, "మండితే నాలుక కాదు, డబ్బా" అని నేర్పండి. టీచరుకి ముందుగా ఒక మాట చెప్పి ఉంచండి, క్లాసులో గుర్తు చేస్తే నెమ్మదిగా చేయమనండి. డబ్బా అందుబాటులో లేనప్పుడు ఒక గుక్క నీళ్ళు తాగడమో, పెదాలు రెండూ గట్టిగా కలిపి పదిదాకా లెక్కపెట్టడమో ఆటలా నేర్పితే నాలుకకి వేరే పని దొరికినట్టవుతుంది.

స్ట్రాబెర్రీ, చెర్రీ వాసనల లిప్ బామ్ కొనకండి. రుచిగా ఉన్నదాన్ని ఏ పిల్లాడు నాకడు? పుదీనా, మెంతాల్, కర్పూరం ఉన్నవి చల్లగా అనిపించి ఇంకా రేపుతాయి. నెయ్యి, వెన్న, తేనె కూడా అంతే, నాలుకని పిలిచి కూర్చోబెడతాయి. తేనె అయితే ఏడాది నిండని చంటిపిల్లలకి ఏ రకంగానూ తగలకూడదు. కొబ్బరి నూనె చెడ్డది కాదు గానీ పల్చన, ఆ చలిలో గంట కూడా నిలవదు. పసుపు పగిలిన చర్మానికి కొందరు పిల్లల్లో పడదు. అమ్మమ్మ ప్రేమని తోసేయమని నేననడం లేదు, మూతికి మాత్రం వద్దు. మంట పుట్టించే టూత్‌పేస్టు మార్చండి. ఆవకాయ, టమాటా కెచప్, నారింజ తొనలు మూతి మానేదాకా పక్కన పెట్టండి. ఆవకాయ లేకుండా అన్నం ఎలా దిగుతుందని మా ఆవిడ అడిగింది. రెండు వారాలు దిగింది.

ముక్కు దిబ్బడ ఉందేమో చూడండి. నోటితో ఊపిరి తీసుకునే పిల్లాడి పెదాలు ఏం రాసినా ఎండుతాయి. పడకగదిలో హ్యూమిడిఫైయర్ (గాలిలో తేమ పెంచే యంత్రం) పెట్టి తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. కిటికీ అద్దాలకి చెమట పడుతుంటే తగ్గించండి. నీళ్ళు రోజూ మార్చి కడగాలి, లేకపోతే బూజు గాలిలోకి వస్తుంది. మఫ్లర్లు రెండు ఉండాలి, తడిసినది మార్చాలి.

తేనె రంగులో పెచ్చులు కడితే, చీము, జ్వరం ఉంటే, వాచి పాకుతుంటే ఆగకండి, అది అంటుకునే ఇన్‌ఫెక్షన్ కావచ్చు. పెదాల మూలలు చీలి మానకపోయినా, పెదవి అంచు పక్కన సన్నని చర్మం బాగుండి దాని అవతల పొక్కులు లేస్తున్నా చూపించాలి. రెండు వారాలు పద్ధతిగా రాసినా తగ్గకపోయినా అంతే. కాల్గరీ ఉన్న ఆల్బర్టా రాష్ట్రంలో 811కి ఫోన్ చేస్తే ఏ వేళప్పుడైనా నర్సు మాట్లాడుతుంది. మొదటి నెలల్లో ఫోన్ చేయడానికి మొహమాటపడ్డాను. మీరు పడకండి.

ఎదురింటి అమ్మాయికి ఇదంతా చెప్పి ట్యూబులు తీయించాను. కొంచెం చిన్నబుచ్చుకుంది. అరచేతిలో ఇమిడే వాజిలిన్ డబ్బా ఒకటి హ్యాండ్‌బ్యాగులో పెట్టమన్నాను. విమానంలో గాలి కూడా పొడే, ఎరుపు అక్కడే మొదలవుతుంది. 100 మిల్లీలీటర్లు దాటకపోతే లోపలికి తీసుకెళ్ళనిస్తారు.

ఇంకొకటి, అడిగింది కాబట్టి చెప్తున్నాను. ఎరుపు పోయాక మన రంగు చర్మం మీద మూతి చుట్టూ నల్లని నీడ మిగులుతుంది. వీడియో కాల్‌లో "మూతి నల్లబడిందేంటమ్మా" అని అందరూ అడుగుతారు. అది మచ్చ కాదు, తెల్లబరిచే క్రీములు రాయకండి, నెలల మీద అదే పోతుంది. మా వాడికి వేసవి దాకా పట్టింది. నాకడం రెండో చలికాలానికి దానంతట అదే తగ్గింది. ఇప్పుడు వాడికి పన్నెండేళ్ళు. డిసెంబరు వచ్చిందంటే జాకెట్ జేబులో డబ్బా ఉందో లేదో వాడే చూసుకుంటాడు.