రాడార్ ప్లాటింగ్ – 3వ పాఠం: డబ్ల్యూ-ఓ-ఏ త్రిభుజం

మన దేశంలో సెకండ్ మేట్ (ఓడ నడిపే అధికారి) సర్టిఫికెట్ కావాలంటే రాడార్ అబ్జర్వర్ సిమ్యులేటర్ కోర్సు, ఆర్పా (రాడార్‌లో కనిపించే ఓడల కదలికను తనే లెక్కగట్టే పరికరం) కోర్సు రెండూ చేయాలి. ఆర్పా లెక్కంతా తనే చేసి పెడుతుంది కదా, చేతితో గీయడం ఎందుకని చాలామంది అడుగుతారు. స్క్రీన్ మీది గీత ఎలా వచ్చిందో తెలియనివాడు అది తప్పుగా వచ్చినా నమ్మేస్తాడు. అందుకే ఈ త్రిభుజం.

ప్లాటింగ్ షీట్ తీయండి. మన ఓడ కోర్సు (వెళ్లే దిశ, ఉత్తరం నుంచి డిగ్రీల్లో) 000°, వేగం 12 నాట్లు (గంటకు 12 నాటికల్ మైళ్లు). టార్గెట్, అంటే రాడార్‌లో కనిపించే అవతలి ఓడ, 10:00కి బేరింగ్ (మన నుంచి అది ఉన్న దిశ) 045°, దూరం 10 మైళ్లు. 10:06కి అదే బేరింగ్, 9 మైళ్లు. 10:12కి మళ్లీ 045°, 8 మైళ్లు.

ఈ మూడు స్థానాలనూ చుక్కలుగా పెట్టండి. మొదటి చుక్క ఓ, చివరిది ఏ. మధ్య చుక్క మానేయొద్దు. అరకొర రాడార్ సమాచారంతో నిర్ణయం తీసుకోవద్దని కొల్‌రెగ్స్ (సముద్రంలో ఓడలు ఢీకొనకుండా పెట్టిన అంతర్జాతీయ నియమాలు) 7వ నియమమే చెబుతోంది. మూడు చుక్కలూ ఒకే గీత మీద, సమాన దూరంలో పడితే ఆ 12 నిమిషాల్లో టార్గెట్ కోర్సు, వేగం మార్చలేదన్నమాట. మనమూ మార్చకూడదు, లేకపోతే ప్లాట్ చెడుతుంది.

12 నిమిషాల్లో మనం వెళ్లేది 2.4 మైళ్లు. ఓ నుంచి మన కోర్సుకి ఎదురుగా, అంటే 180° వైపు, 2.4 మైళ్లు కొలిచి డబ్ల్యూ పెట్టండి. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు: డబ్ల్యూని కోర్సు వైపే పెట్టేస్తారు. బాణం డబ్ల్యూ నుంచి ఓకి వెళ్లాలని గుర్తుంచుకుంటే చాలు. ఇప్పుడు డబ్ల్యూ నుంచి ఏకి గీసేదే టార్గెట్ అసలు కదలిక. కొలిస్తే సుమారు 1.72 మైళ్లు, 305°. 12 నిమిషాలు గంటలో ఐదో వంతు కాబట్టి ఐదుతో గుణిస్తే వేగం దాదాపు 8.6 నాట్లు.

బేరింగ్ మారలేదు, దూరం తగ్గుతోంది. సీపీఏ (రెండు ఓడలూ అతి దగ్గరగా వచ్చినప్పటి దూరం) సున్నా. 12 నిమిషాలకు 2 మైళ్ల చొప్పున మిగిలిన 8 మైళ్లకు 48 నిమిషాలు. ఎవరూ ఏమీ చేయకపోతే ఢీకొట్టేది 11:00కి.

ఆ ఓడ కంటికి కనిపిస్తుంటే 15వ నియమం: అది మన కుడివైపు ఉంది కాబట్టి తప్పుకోవాల్సింది మనమే. పొగమంచులో, రాడార్‌లో మాత్రమే కనిపిస్తే 19వ నియమం. అప్పుడు దారి హక్కు ఎవరికీ లేదు, ఇద్దరూ సకాలంలో తప్పుకోవాలి. ఎడమకి మాత్రం వీలైనంతవరకు తిప్పొద్దు.

అభ్యాసం: మన కోర్సు, వేగం అవే. టార్గెట్ 10:00కి 014°, 8.25 మైళ్లు; 10:12కి 020°, 5.95 మైళ్లు. త్రిభుజం గీసి, అది ఏ కోర్సులో ఎంత వేగంతో వెళ్తోందో చెప్పండి. డబ్ల్యూ ఎక్కడ పడిందో చూసి తప్పు చేశామని రబ్బరు పట్టుకోకండి. జవాబు 4వ పాఠంలో.