రిలీజ్ బ్రాంచిని మెయిన్‌తో కలిపే ముందు జాగ్రత్తలు

కాకినాడలోనో అమలాపురంలోనో రిలీజ్ పనికి కూర్చునేవారు మొదట గిట్ ఫెచ్ (కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌లో, సర్వర్‌లోని తాజా మార్పులను తెచ్చే ఆదేశం) నడిపి, రిలీజ్ (విడుదలకు సిద్ధం చేసే), మెయిన్ (ప్రధాన) బ్రాంచీలలో, అంటే కోడ్ శాఖలలో, ఒకదానిలో ఉండి రెండోదానిలో లేని కమిట్ల (నమోదైన మార్పుల) జాబితా తీసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర చీలిన గౌతమి, వశిష్ఠ మళ్లీ కలవకుండానే సముద్రం చేరతాయి. బ్రాంచీలకు ఆ వెసులుబాటు లేదు.

రిలీజ్‌లో చేసిన అత్యవసర సవరణను మెయిన్‌లోకి మెర్జ్ చేయడమే (చరిత్రతో సహా కలపడమే) మంచిది, ఎందుకంటే చెర్రీ-పిక్ చేస్తే (ఆ ఒక్క కమిట్‌నే ఎంచి నకలు చేస్తే) అదే మార్పు కొత్త హ్యాష్‌తో (కమిట్ గుర్తింపు సంకేతంతో) వేరే కమిట్‌గా నమోదై, తరువాత పోల్చినప్పుడు ఇంకా చేరనట్టే కనిపిస్తుంది. చెర్రీ-పిక్ తప్పనిసరైతే మూల కమిట్ హ్యాష్‌ను సందేశంలో రాయాలి.

వెర్షన్ నంబరు ఫైలులో కాన్‌ఫ్లిక్ట్ (రెండు బ్రాంచీల మార్పులు ఒకేచోట ఢీకొనడం) వస్తే సాధారణంగా మెయిన్‌లోని నంబరునే ఉంచాలి. పదిమంది వాడే బ్రాంచిని రీబేస్ చేయరాదు (దాని కమిట్లను వేరే ఆధారంపై తిరిగి రాయరాదు). టెస్టులు నెగ్గాకే పుష్ చేయాలి (సర్వర్‌కు పంపాలి). తుపాను హెచ్చరిక ఉన్న రోజున, కరెంటును నమ్ముకొని ఈ పని మొదలుపెట్టకపోవడమే నయమని నా అభిప్రాయం.