పోపు పతకానికి పేరు పంపాలంటే

వాటికన్ మొత్తం కలిపి 44 హెక్టార్లే. అందుకే పోపు ఇచ్చే గౌరవాలు చాలావరకు అందుకునేది పరదేశాలవాళ్లే. ఇవి ఎవరికి వారు అడిగి తెచ్చుకునేవి కావు; పక్కవాళ్లు పూనుకోవాలి.

ముందు ఏది అడగాలో తేల్చుకోండి. విచారణలో (ఒక గురువు కింద ఉండే స్థానిక చర్చి పరిధిలో) ఏళ్ల తరబడి నిలకడగా చేసిన సేవకు బెనెమెరెంతి పతకం సరిపోతుంది. మేత్రాసనమంతా (బిషప్ పరిధి అంతా) ఎరిగిన సేవ అయితే 13వ లియో పోపు 1888లో నెలకొల్పిన ‘ప్రో ఎక్లేసియా ఎత్ పొంతిఫిచె’ శిలువ. ఈ రెండూ స్త్రీపురుషులిద్దరికీ ఇస్తారు. వీటికి పైన సెయింట్ సిల్వెస్టర్, సెయింట్ గ్రెగరీ పేర్లతో గౌరవాలున్నాయి. అవి కథోలికులు కానివాళ్లకూ దక్కాయి: మీడియా వ్యాపారి రూపర్ట్ మర్డోక్‌కు 1998లో సెయింట్ గ్రెగరీ ఇచ్చారు. ఎంత సేవకు ఇచ్చారన్నది వేరే చర్చ. పెద్దది అడిగితే చిన్నదైనా రాకపోతుందా అని బేరం పెట్టుకోవద్దు.

కాగితం విచారణ గురువు దగ్గర మొదలై మేత్రాణుల (బిషప్) దగ్గరకు, అక్కడినుంచి ఢిల్లీలోని పోపు రాయబారికి, ఆపైన రోములో పోపు పాలనా కార్యాలయమైన స్టేట్ సెక్రటేరియట్‌కు వెళుతుంది. విన్నపం మేత్రాణుల పేరు మీదే ఉండాలి. నెలలు పడుతుంది.

అసలు పని సేవా వివరం రాయడంలో ఉంది. రెండు పేజీలు చాలు. ‘త్యాగమూర్తి, కరుణామయి’ లాంటి మాటలతో నింపితే చదివేవారికి ఏమీ తెలియదు. ఏ సంవత్సరం నుంచి, వారానికి ఎన్ని గంటలు, ఎంతమందికి, జీతం తీసుకున్నారా లేదా అన్నవి రాయండి. జీతానికి చేసిన పనిని సేవగా చూపిస్తే మిగతా వివరాల మీదా నమ్మకం పోతుంది. జ్ఞానస్నానం, వివాహం వివరాలు విచారణ పుస్తకంతో సరిచూడండి.

మనవాళ్ల దగ్గర తరచూ తప్పేది పేరు. ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉంటే రోములోవాళ్లకు అర్థం కాదు. ప్రశంసాపత్రం లాటిన్‌లో వస్తుంది, తప్పు పడితే దిద్దించడం పెద్ద తతంగం. పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తిగా రాయండి. పేరు పంపిన సంగతి ఆ మనిషికి చెప్పొద్దు; రాకపోతే ఊరికే మనసు కష్టపెట్టినవాళ్లమవుతాం.

భారత పౌరులు విదేశీ రాజ్యాల బిరుదులు స్వీకరించకూడదని రాజ్యాంగం 18(2) అధికరణ చెబుతోంది. మన పద్మ పురస్కారాలనే పేరుకు ముందూ వెనకా తగిలించుకోవద్దని 1995లో సుప్రీంకోర్టు అంది. ప్రభుత్వ ఉద్యోగులైతే శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. పతకాన్ని దివ్యబలిపూజలో (చర్చి ఆరాధనలో) మేత్రాణుల చేత ఇప్పించండి. ఆ రోజు కట్టే ఫ్లెక్సీ మీద మాత్రం పేరు ముందు ‘షెవలియర్’ అనే బిరుదు వేయించకండి.