పాత డీజిల్ జీపు ఘాటీలో ఆగిపోతోందా? పంపు విప్పకముందు ఇవి చూడండి

రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్లే ఘాటీలో పాత జీపు బానెట్ ఎత్తి ఉందంటే, ఎవరో ఒకరు నాజిల్ పైపుల మీద పడి ఉంటారు. ఇంజెక్షన్ పంపు (ఇంజిన్లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్‌కి ఒత్తిడితో డీజిల్ పంపేది) రిపేరుకిచ్చి, నాజిల్స్ టెస్ట్ చేయించి, వేలకు వేలు పోసి, మళ్లీ అదే మలుపులో ఆగుతారు. నేను చూసినవాటిలో చాలావాటికి జబ్బు ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) మధ్యే ఉంది.

స్పానర్లు, కొత్త రాగి వాషర్లు, మీటరు పొడవున లోపల కనిపించే తెల్ల పైపు, ఐదు లీటర్ల క్యాను చాలు. బండి ఆగగానే ట్యాంకు మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పోయిందంటే మూత రంధ్రం మూసుకుపోయినట్టే. తర్వాత ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలేయండి. ఫిల్టర్ పాతదైతే కడిగి వాడొద్దు, మార్చేయండి.

ఇప్పుడు ట్యాంకు పైపు తీసి, క్యానులో శుభ్రమైన డీజిల్ పోసి, తెల్ల పైపుతో నేరుగా ఫీడ్ పంపుకి పెట్టి, లైన్లో గాలి తీసి (ఎలాగో కింద చెప్పాను) నడపండి. ఇంజిను శుభ్రంగా లాగిందా, ఇంజెక్షన్ పంపు జోలికి వెళ్లకండి, తప్పు వెనక ట్యాంకు వైపే ఉంది.

ఇక్కడే అందరూ పొరబడతారు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకి వచ్చే ఆ లైను డీజిల్‌ని పీలుస్తుంది, తోయదు. అందుకే కన్నం ఉన్నా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి వెళ్తుంది. పైపు పొడిగా ఉంది కాబట్టి లీకు లేదనుకోవద్దు. నా బండికి రెండు నెలలు వెతికాను. చివరికి వెనక క్లిప్పు కింద, ఎర్రమట్టి పేరుకున్న చోట రబ్బరు పైపుని బొటనవేలితో వంచితే సన్నటి చీలిక నోరు తెరిచింది. రబ్బరు పైపులన్నీ ఒకేసారి మార్చండి, స్క్రూ క్లిప్పులే వేయండి. సబ్బు పూయడం, టేపు చుట్టడం వద్దే వద్దు. టేపు పోగులు పంపులోకి పోతే అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది.

గాలి తీసేటప్పుడు తొందరపడకండి. ముందు ఫిల్టర్ మీది స్క్రూ, తర్వాత ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ, ఈ వరసలోనే. చేత్తో ఫీడ్ పంపు కొడుతూ ఉంటే మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత తెగని ధార. ధార వస్తుండగానే బిగించాలి, చెయ్యి ఆపి బిగిస్తే మళ్లీ గాలి లోపలికి పోతుంది. నాజిల్ నట్లు విప్పాల్సి వస్తే అర చుట్టు చాలు, ముఖమూ చేతులూ దూరంగా పెట్టుకోండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది, నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. స్టార్టర్ పది సెకన్లకు మించి తిప్పొద్దు.

అంతా అయ్యాక పావు ట్యాంకుతోనే ఘాటీ ఎక్కించి చూడండి. ట్యాంకు నిండుగా ఉంటే పంపు అంత గట్టిగా పీల్చక్కర్లేదు, మిగిలిన లీకు ఏదైనా ఉంటే దాక్కుంటుంది.